చివరి చీటీ సూర్యావతిది

సెక్టర్ 6, భిలాయి
జూన్ 9, 2024

నీలిమా,

ఒక ప్రశ్న చాలా ఏళ్ళుగా నాతో ఉంది. ఒక వస్తువు ఎంతకి కొన్నావని అడగడం మనలో ఎప్పటినుంచి తప్పయింది? ఇక్కడ ఖుర్సీపార్‌లో అత్తయ్య వాకిట్లో కొత్త చీర కట్టుకుని ఎవరు కనబడినా మొదటి మాట "ఎంతెట్టేవు?" అనే. రెండో మాట "మోసపోనావు" అని. నేను ఎమ్మే చదివి, కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక అలా అడగడం మానేశాను. మర్యాద కాదనుకున్నాను. కిందటేడాది మీ మధులత ఓణీల ఫంక్షన్‌కి వచ్చినప్పుడు ఆ హాలూ, ఆ పూల పందిరీ, నెత్తిమీద గిరగిరా తిరిగే డ్రోనూ చూసి "ఎంతయిందే?" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. "చాలా బాగా చేశారు" అన్నాను. నువ్వు నవ్వావు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మూడు వారాలుగా నీ ఫోన్ పలకడం లేదు. సంజయ్ గారికి చేస్తే "బాగానే ఉందండీ, మీతో మాట్లాడమంటాను" అంటారు. నువ్వు మాట్లాడవు. మీ అన్నయ్య "అరే, నెట్‌వర్క్ ప్రాబ్లం అయ్యుంటాది" అని తేల్చేశారు. స్టీలు ప్లాంటులో షిఫ్టు, ఇంట్లో కూలరు రిపేరు, ఈ రెండూ ఉంటే ఆయనకి లోకమంతా బాగున్నట్టే.

నిన్న సెక్టర్ మార్కెట్లో గున్నమ్మ పిన్ని కనబడింది. "మీ ఆడపడుచు ఫోను మార్చినాదేటి?" అంది. అడిగి, నా మొహంకేసి కాకుండా నా సంచిలో బెండకాయలకేసి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆవిడ నడిపే చీటీలో నీకు వాటా ఉందని తెలుసు. ఆ సంగతేమైనా ఉందా?

ఉత్తరం రాయి. ఇంటికి కాదు, మా కాలేజీ అడ్రసుకి. ఇంటికొచ్చిన ప్రతి కాగితమూ మీ అన్నయ్య పైకి చదువుతారు, నీకు తెలుసుగా.

నీ వదిన,
సుచిత్ర

*

మధురవాడ, విశాఖపట్నం
జూన్ 20

వదినా,

ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేది కోర్టువాళ్ళూ నువ్వూ. వాచ్‌మన్ నీ కవరు రెండు చేతులతో పట్టుకొచ్చి, నాకేదో అయిపోయిందన్నట్టు చూసి ఇచ్చాడు.

ఏమీ కాలేదు. ఫోన్ నీళ్ళ బకెట్లో పడింది. కొత్తది కొనేదాకా నాలుగు రోజులు ప్రశాంతంగా ఉందామని ఊరుకున్నాను. మధు బాగా చదువుతోంది. సంజయ్ కంపెనీలో జీతాలు కొంచెం అటూ ఇటూ అవుతున్నాయి, అంతే. హాల్లోకి కొత్త సోఫా వచ్చింది, ఎల్ ఆకారంలో. నువ్వు వస్తే దాని మూలన కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు, ఎవరికీ కనబడవు.

ఓణీల ఫంక్షన్ ఎంతయిందో ఇప్పుడా అడుగుతావు, తిన్నది అరిగిపోయాక?

గున్నమ్మ పిన్నికి రెండు కిస్తులు ఆగాయి. రెండే. వచ్చే నెల కలిపి పంపేస్తాను, ఎప్పట్లాగే వాళ్ళ కోడలి ఫోన్‌కి. పిన్నితో ఆ మాట చెప్పు. అన్నయ్యకి చెప్పకు. చెప్పేంత విషయం కాదు.

నీలిమ

*

సెక్టర్ 6, భిలాయి
జులై 4

నీలిమా,

నీ "రెండు" పట్టుకుని గున్నమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళాను. అక్కడ అది నాలుగయింది.

ఆవిడ గాజుల కొట్టు నాకన్నా నీకే బాగా తెలుసు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో తెర. ఈసారి నన్ను తెర వెనక్కి రమ్మనలేదు. కొట్టులోనే స్టూలు వేసింది. అంటే నేను చుట్టాన్ని కాను, పనిమీద వచ్చిన మనిషినన్నమాట.

"నీలిమ చీటీ సంగతి పిన్నీ..." అన్నాను.

"ఓలమ్మ, ఇప్పుడు తెలిసినాదా దారి?" గాజుల డబ్బా మూత టక్కున వేసింది. "నాలుగు నెల్లయినాదమ్మా. నాలుగు కిస్తులూ నా సేతి డబ్బే ఎట్టి నెట్టుకొస్తన్నాను. మా కోడలికి తెలిస్తే నన్ను కొట్లో కూకోనీదు. మీ ఆడపడుచు నాకేటి సెప్పినాదో తెలుసా? మా వదినిస్తాది పిన్నీ, అన్నాది."

ఆ మాట నాకు తెలియదని చెప్పాను.

"నీకెలా తెలుస్తాది? మీరు కబుర్లన్నీ సెప్పుకుంటారు, డబ్బు కబురు తప్ప."

నీలిమా, ఆ చీటీలో నీ పేరు లేదని నీకు తెలుసా? పాత చీటీల్లోంచి వస్తున్న అత్తయ్య పేరే ఇప్పటికీ. నెల మొదటి ఆదివారం అందరూ కూర్చున్నాక పిన్ని "వరలక్ష్మమ్మ" అని పిలుస్తుందట, ఎవరో ఒకరు "ఉన్నాది" అంటారట. అత్తయ్య పోయి మూడేళ్ళు. తల్లి వాటా కూతురికి రావడం వాళ్ళలో మామూలే కాబట్టి, కూతురు ఏ ఊళ్ళో ఉందో, ఎలా ఉందో ఎవరూ చూడలేదు. జామీను లేదు, కాగితం లేదు. "వరలక్ష్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఒక్క కిస్తు ఆపినాదేటి? ఆవిడ పేరు సూసే కదా, అయిదో నెల్లోనే నీలిమకి పాట ఒగ్గీసినాను" అంది పిన్ని. చనిపోయిన మనిషి నమ్మకం మీద నువ్వు చీటీ పాడుకున్నావు. వాళ్ళు పాడనిచ్చారు. ఎవరి తప్పు ఎక్కువో నాకు తేలలేదు.

తర్వాత ఆవిడ ఇంకో మాట అంది. "నాకు ఏసీ టిక్కట్టు తీసి పంపినాది, ఓణీలకి రా పిన్నీ అని. నా సీటీ డబ్బుతో నన్నే రైలెక్కించి నాకే బోజనం ఎట్టినాదమ్మా! గుత్తొంకాయ బాగున్నాదని నాను రెండోసారి ఏయించుకున్నాను కూడాను."

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. అంతలో సూర్యావతి వచ్చింది.

ఆమెని నువ్వు ఎరుగుదువు. పవర్‌హౌస్ బజారుకి వెళ్ళే దారిలో రజని టైలర్స్‌లో పదిహేనేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. కొట్టు యజమానురాలు అది అమ్మేసి రాయపూర్ వెళ్ళిపోతోందట. దీపావళిలోగా లక్ష చేతిలో పెడితే కొట్టూ మిషన్లూ సూర్యావతికి. లేకపోతే మొబైల్ ఫోన్లవాడు కాచుకుని ఉన్నాడు. అందుకే, తరుగు లేకుండా లక్షా చేతికి రావాలని, ఆమె ఇన్ని నెలల్లో ఒక్కసారీ పాటకి రాలేదు. చివరి చీటీ ఆమెది, అక్టోబర్‌లో.

"పిన్నీ, నాదాకా వస్తాదా?" అని అడిగింది.

"రాకేటి? నాను సచ్చిపోనాననుకున్నావా?" అంది పిన్ని. అంటూ నన్ను చూసింది.

నువ్వు ఇలాగే ఊరుకుంటే అక్టోబర్ నాటికి ఎనిమిది కిస్తులు, నలభై వేలు. అంత పిన్ని భరించలేదు, చేతినుంచి పెట్టినదంతా చివరి చీటీలోంచే తీసుకోవాలి. అంతా సూర్యావతికి తగ్గుతుంది. తగ్గితే కొట్టు పోతుంది.

నిజం రాయి. నాకు కోపం లేదని రాయాలనుంది. ఉందో లేదో ఇంకా చూసుకోలేదు.

సుచిత్ర

*

మధురవాడ
జులై 19

వదినా,

ఫోన్ నీళ్ళలో పడలేదు. బీరువాలో చీరల కింద ఉంది. తీస్తే ఎవడో ఒకడు పలుకుతాడు. హిందీలో తిడితే నాకు లెక్కలేదు, భిలాయిలో పెరిగినదాన్ని, తిరిగి తిట్టగలను. కానీ ఒకడు తెలుగులో ఎంతో మర్యాదగా "మేడమ్, మీ కాంటాక్టుల్లో ఉదయ్‌కుమార్ అన్నయ్య అని ఉంది, వారికి చేద్దామా?" అంటాడు. అప్పుడే ఫోన్ ఆపేసి మళ్ళీ చీరల కిందికి తోస్తాను.

రెండు క్రెడిట్ కార్డులు, మూడు లోన్ యాప్‌లు. మొదటిది ఎందుకు తీశానో గుర్తుంది. రెండోది మొదటిది కట్టడానికి. తర్వాతవి ఎందుకో గుర్తులేదు. ఫ్లాటు కిస్తూ, కారు కిస్తూ సంజయ్‌కి తెలుసు. ఇవి తెలియవు.

అడగలేదన్నావు కదా, చెబుతున్నాను. ఫంక్షన్‌కి ఆరు లక్షలు. మూడనుకుని మొదలుపెట్టాం. ఎల్‌ఈడీ తెర లేకపోతే వెనక కూర్చున్నవాళ్ళకి కనబడదన్నాడు ఆ డెకరేషన్ కుర్రాడు. వెనక కూర్చునేది ఎవరు వదినా? మా అపార్ట్‌మెంటువాళ్ళు. వాళ్ళకి కనబడాలనే కదా ఆ అవతారమంతా. పెట్టించాను.

నేను చిన్నప్పటినుంచీ ఇలాంటిదాన్నేనా అని ఈ మధ్య ఆలోచిస్తున్నాను. కాను. భిలాయిలో మనందరివీ ఒకే రకం క్వార్టర్లు. గోడలకి రంగు కూడా కంపెనీ వేసేది, అందరికీ అదే రంగు. ఎవరి నాన్న ఏ గ్రేడో, జీతమెంతో, ఎప్పుడు ఇంక్రిమెంటో వీధిలో పిల్లలకి కూడా తెలుసు. కొత్త టీవీ కొంటే "బోనస్ వచ్చింది" అనేవారు, అంతే. దాచడానికీ లేదు, చూపించడానికీ లేదు. ఇక్కడ ఎవరి జీతం ఎవరికీ తెలియదు వదినా. అడగరు. లిఫ్టులో నవ్వుతారు. కానీ ఇంట్లోకి వచ్చి కూర్చుని నెమ్మదిగా కళ్ళు తిప్పి చూస్తారు. మనమెవరమో సోఫా చెప్పాలి. కర్టెన్లు చెప్పాలి. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి టీ ఇస్తే ఒకావిడ "మీ సామానింకా రాలేదా?" అని అడిగింది. ఆ కుర్చీలే నా సామాను.

ఇది సాకు కాదు. సాకే అనుకో.

ఒక దారి ఉంది. గున్నమ్మ పిన్ని శ్రావణంలో రెండో చీటీ మొదలుపెడుతోందట కదా, పెద్దది. అందులో నన్ను వెయ్యమను. మొదటి పాట నాకు వచ్చేలా చూడు. ఆ డబ్బుతో పాత కిస్తులు కట్టేస్తాను, సూర్యావతికి తగ్గదు, యాప్‌లు కూడా రెండు తీరిపోతాయి. నన్ను చూసి పిన్ని ఇప్పుడు వెయ్యదు. నువ్వు ఒక్క మాట చెబితే వేస్తుంది. డబ్బు అడగడం లేదు వదినా. మాటే.

నీ
నీలిమ

*

సెక్టర్ 6, భిలాయి
ఆగస్టు 3

నీలిమా,

ఆ మాట చెప్పలేను.

ఎందుకో రాయాలి. కొత్త చీటీలో మొదటి పాట నీకొస్తే, ఇవాళ సూర్యావతి నిలబడ్డ చోట రేపు ఇంకెవరో నిలబడతారు. ఆమె పేరు కూడా మనకి తెలియదు. అప్పు తీరదు, మనిషి మారుతుంది. అలాంటిదానికి నా నోటితో పూచీ పడమంటున్నావు. డబ్బడిగినా ఇంత ఆలోచించేదాన్ని కాదేమో.

మా ఎకనామిక్స్ క్లాసులో వినియోగదారుడు అని ఒకడున్నాడు. హిందీలో ఉపభోక్తా అని చెబుతాను. అతనికి తన రాబడి తెలుసు, ధరలు తెలుసు, ఏది కొంటే ఎంత తృప్తో లెక్కగట్టి మరీ కొంటాడు. ఏళ్ళ తరబడి అతని గురించి చెబుతున్నాను కానీ అతనికి ఓణీలేసుకునే కూతురు ఉందని గాని, లిఫ్టులో నవ్వే పక్కింటావిడ ఉందని గాని ఏ పుస్తకంలోనూ లేదు. నీ ఉత్తరం చదివాక మొన్న ఆ పాఠం చెబుతుంటే గొంతు కాస్త తగ్గింది.

నేనేదో పొదుపరినని అనుకోకు. నేను ఖర్చుపెట్టకపోవడం నా గుణమో, ఈ క్వార్టర్లో ఉండిపోవడం వల్ల పరీక్ష రాకపోవడమో, నాకే తెలియదు. మీ ప్లాస్టిక్ కుర్చీల మాట చదివి లేచి మా కుర్చీలు చూశాను. మావీ అవే. మమ్మల్ని ఎవరూ సామాను రాలేదా అని అడగలేదు. అడిగుంటే నేనేం చేసేదాన్నో?

ఇంకొకటి. మొన్న మీ అన్నయ్యకి షిఫ్టులో ఫోన్ వచ్చింది. "నీలిమ మీకేమవుతారు?" అని ఎవరో అడిగారట. ఇంటికొచ్చి "ఫ్రాడ్ కాల్, బ్లాక్ చేసీసేను. ఈళ్ళకి మన పేర్లెలా దొరుకుతాయో!" అని నవ్వారు. నేను చారు వడ్డిస్తున్నాను. వడ్డిస్తూ ఊరుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముందు అలా ఊరుకోవడం నాకు కొత్త.

సంజయ్ గారికి చెప్పు. నువ్వే చెప్పాలి.

సుచిత్ర

*

మధురవాడ
ఆగస్టు 14

వదినా,

వద్దన్నావు. సరే. వద్దనడానికి పేజీన్నర రాయడం నీకే చేతనవును.

కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆస్పత్రి, ఒకటో తారీఖుకి మా అన్నయ్య జీతం. అక్కడ కూర్చుని నాకు పరీక్ష రాలేదు అని రాయడం కూడా ఎంత బాగుంటుందో! అమ్మ ఉంటే ఏ ప్రశ్నా వెయ్యకుండా చేతి గాజులు తీసి ఇచ్చేది. నీకు ఎంత అని అడగడం రాదన్నావు. ఇప్పుడు బాగానే వచ్చింది, అడిగి లేదనడం కూడా వచ్చింది.

ఇక రాయకు.

నీలిమ

*

సెక్టర్ 6, భిలాయి
సెప్టెంబర్ 8

నీలిమా,

రాయకు అన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరంలో చాలామటుకు నిజమే. అత్తయ్య గాజులు తీసి ఇచ్చేది, అదీ నిజమే. ఇచ్చి, అవి విడిపించేదాకా నిన్ను రోజూ సాధించేది కూడా. గొంతు కూడా పెంచకుండా, కూర తరుగుతూ తరుగుతూనే. నాకు ఇవ్వడమూ అంత సులువు కాదు, సాధించడమూ చేతకాదు. ఆవిడ స్థానంలో నిలబడమంటే నేనేం చెయ్యను?

మొన్న జాకెట్ కుట్టించుకునే మిషతో సూర్యావతి దగ్గరికి వెళ్ళాను. మిష అని ఆమెకీ తెలుసు. టేపు నా భుజం మీద పెట్టి, "మేడమ్, మధులతమ్మ ఓణీ మీదకి జాకెట్టు నానే కుట్టినాను. మగ్గం పనికి రాయపూర్ పంపించి తెప్పించినాను. డబ్బులు అడక్కుండానే పంపీసినారు నీలిమ గారు, అడిగినదానికన్నా ఎక్కువే. మంచోరు" అంది. తర్వాత కొలత రాసుకుంటూ, "మంచోరు కదా, కిస్తెందుకు ఆపీసినారు మేడమ్?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలియక అడిగింది. "చెయ్యి ఎత్తండి" అంటే ఎత్తాను.

ఇప్పటికే ఆ కొట్టు గోడకి మొబైల్ ఫోన్లవాడు కొలతలు తీసుకుని వెళ్ళాడట. షెల్ఫుల కోసం.

నేను సగం ఇస్తాను. పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బు ఉంది. మిగతా సగం నువ్వు పెట్టాలి, అక్టోబర్ మొదటి ఆదివారంలోగా. కష్టపడితే మొత్తం నేనే ఇవ్వగలను, కానీ ఇవ్వను. ఈ ఇవ్వకపోవడం నీ మంచికేనని చెప్పుకుంటున్నాను, ఒక్కోసారి నమ్ముతున్నాను కూడా. నా సగం కూడా బహుమతి కాదు. నాకు తిరిగి ఇవ్వాలి. తొందరేమీ లేదు, కానీ వదిలెయ్యను. ఇలా రాయడానికి ఎంత మొహమాటంగా ఉందో నీకు తెలియదు.

సుచిత్ర

*

మధురవాడ
సెప్టెంబర్ 29

వదినా,

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు దాన్ని కూడా చీరల కిందే పెట్టాను.

తర్వాత ఫోన్ బయటికి తీశాను. ఛార్జింగు పెట్టి, సంజయ్ భోంచేస్తుంటే కంచం పక్కన పెట్టాను. "బాగయిందా?" అన్నాడు. కాసేపటికి మోగింది. "తియ్యి" అన్నాను. తీశాడు. పెరుగన్నం కలిపిన చేత్తో అలాగే విన్నాడు, మొత్తం. పెట్టేసి, "ఇలాంటివి ఎన్ని?" అన్నాడు. చెప్పాను. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, "నేనూ ఒకటి తీశాను" అన్నాడు.

కారుకి ముందు కట్టిన డబ్బు వాళ్ళ అన్నయ్యగారు సర్దారని చెప్పాడు నాతో. సర్దలేదట. ఆఫీసులో ఎవరి ద్వారానో వడ్డీకి తెచ్చాడట. రెండేళ్ళుగా కడుతున్నాడు. ముందు నాకేమొచ్చిందో తెలుసా వదినా? కోపం! నాకు చెప్పకుండా అప్పు ఎలా చేస్తావని అరిచాను. అరుస్తుంటే మధు గదిలోంచి వచ్చి, "అమ్మా, నువ్వా అంటున్నావు?" అంది. దానికి అన్నీ తెలుసు. ఎప్పటినుంచో.

కారు అమ్మేశాం. వచ్చినదాంట్లో చాలావరకు కారు లోనుకే పోయింది, మిగిలినదాంట్లో రెండు యాప్‌లు మూసేశాం. నేను ఇక్కడ ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో రిసెప్షన్‌లో చేరాను. పొద్దున్నే ఏమీ తినకుండా రక్తం ఇవ్వడానికి వచ్చిన వాళ్ళందరూ నామీదే కేకలేస్తారు. అలవాటైన పనే. సోఫా ఎవరూ కొనడం లేదు. ఎల్ ఆకారం ఎవరింట్లోనూ పట్టదట.

ఇరవై వేలు గున్నమ్మ పిన్ని కోడలి ఫోన్‌కి పంపాను. నిన్ననే. పిన్నితో మాట్లాడాను కూడా. "బతికున్నావేటి?" అంది, ఆ తర్వాత పావుగంట తిట్టింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగి మధు ఎలా ఉందని అడిగింది.

అన్నయ్యకి వచ్చే ఆదివారం నేనే ఫోన్ చేసి చెబుతాను. అప్పటిదాకా నువ్వు చెప్పకు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. శ్రావణంలో మొదలవ్వాల్సిన పెద్ద చీటీ కార్తీకం వెళ్ళాక మొదలుపెడతానని పిన్ని అంది. అందులో నేను చేరాలనుకుంటున్నాను. పాట కోసం కాదు. ఒక్కసారి కూడా పాడను. సూర్యావతిలాగా చివరిదాకా కూర్చుంటాను. చేతిలో ఉంటే ఖర్చయిపోతుంది వదినా, నా సంగతి నాకు తెలిసింది. అక్కడైతే నెలనెలా కట్టి తీరాలి. ఇరవైమంది చూస్తుంటారు. నాకు ఇప్పుడు చూసేవాళ్ళు కావాలి. పిన్ని "మీ వదిన్నడిగి సెప్తాను" అంది.

నీలిమ

*

సెక్టర్ 6, భిలాయి
నవంబర్ 27

నీలిమా,

ఆలస్యంగా రాస్తున్నాను. కొంత కాలేజీ పని, చాలావరకు ఏం రాయాలో తేలక.

నువ్వు ఫోన్ చేసిన ఆదివారం మీ అన్నయ్య నీతో ఏమీ అనలేదని సంతోషపడ్డావు కదా. నీతో అనలేదు. ఫోన్ పెట్టేసి నన్ను అడిగారు, "నీకెప్పట్నించి తెలుసు?" అని. జూన్ నుంచి అన్నాను. "అయితే ఈ ఇంట్లో నానేటి, కిరాయిదార్నా?" అన్నారు. అని బయటికి వెళ్ళి స్కూటరు కడిగారు. శుభ్రంగానే ఉంది అది. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య కావలసిన మాటలే నడిచాయి. అప్పు గురించి ఆయనకి బాధ లేదు. నేను చారు వడ్డిస్తూ ఊరుకున్నానే, అది గుర్తొచ్చిందట. మొన్న దీపావళి తర్వాత ఒకరోజు తనంతట తనే, "ఇంతకీ ఓణీలకి ఎంతయిందట?" అన్నారు. ఆరు అన్నాను. "ముందే చెప్పుంటే ఆ డ్రోను నానే ఎగరేసీవోణ్ణి కదా" అన్నారు. అప్పటికి కాస్త తేలిక పడ్డాను. పూర్తిగా కాదు.

సూర్యావతి చీటీ అందింది. నీ సగం, నా సగం, మిగతావాళ్ళవి, అన్నీ కలిపి ఆ ఆదివారం గున్నమ్మ పిన్ని ఆమె ఒళ్ళో పోసింది. సూర్యావతి అక్కడే ఉన్న నన్ను ఒకసారి చూసి, డబ్బు చీర కొంగులో కట్టుకుని, టీ కూడా తాగకుండా లేచి నేరుగా కొట్టుకే వెళ్ళింది. బోర్డు ఇంకా రజని టైలర్స్ అనే ఉంది. మార్పించడానికి ఖర్చు, వచ్చే ఏడాది చూస్తానంటోంది. నా జాకెట్ చేతులు కొంచెం బిగుతయ్యాయి. చెప్పలేదు.

నా సగానికి నెలకి మూడు వేలన్నావు, అక్టోబర్‌వి ముట్టాయి. నవంబర్‌వి రాలేదు. ఎందుకు రాలేదో నువ్వు రాయలేదు, నేను అడుగుతున్నాను. ఎందుకు రాలేదు? మధు ఫీజేమో అనుకున్నాను, జీతం ఆలస్యమేమో అనుకున్నాను. సోఫాకి కవర్లు కుట్టించావని కూడా ఒకసారి అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది. కానీ అనుకున్నాను.

ఈ ఆదివారం కొత్త చీటీ. నిన్న పిన్ని కొట్టుకి పిలిపించింది, ఈసారి తెర వెనక్కే. ఆవిడ అడిగింది ఒక్కటే. "ఎయ్యమంటావా, ఒద్దంటావా? నువ్వేది సెప్తే అదే. నాకీ వయసులో ఇంక మనుసుల్ని సదవడం రాదు."

ఆదివారం పొద్దున్న చెబుతానన్నాను.

వెయ్యమని చెప్పాలనే ఉంది. కారు అమ్మేశావు, ఉద్యోగంలో చేరావు, అన్నయ్యకి నీ నోటితో చెప్పావు. నీకు చూసేవాళ్ళు కావాలన్నావు, ఆ మాట నాకు బాగా నచ్చింది. ఆ మాట అన్న మనిషిని బయట నిలబెట్టడం ఎంతవరకు న్యాయం? ఒక నెల మూడు వేలు ఆగితే మనిషిని తీసిపారేస్తామా? నేనూ నెలలో ఎన్నో మాటలు తప్పుతాను, అవి డబ్బు కావు కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు.

వద్దని కూడా అనిపిస్తోంది. ఆ ఇరవైమందిలో ఈసారి ఎవరు దేనికోసం కాచుకుని ఉన్నారో నాకు తెలియదు. పోయినసారి ఒకరిదే తెలిసింది, అది కూడా ఆమె పిన్ని కొట్టులోకి ఆ సమయానికి రాబట్టి. రాకపోయుంటే నలభై వేల గురించి నేనింత ఆలోచించి ఉండేదాన్నా? నువ్వు కట్టలేకపోతే ఈసారీ నేనే సగం పెడతాననే ధైర్యం నీకుంటుందా? ఉంటే, అది నేనిచ్చిన ధైర్యమే కదా? మొత్తం ఇచ్చి ఉండాల్సిందో, అసలు ఇవ్వకుండా ఉండాల్సిందో, సగం ఇచ్చి రెండిటికీ చెడ్డానో కూడా తెలియడం లేదు.

మీ అన్నయ్యని అడిగాను. ఈసారి దాచకుండా. "నీ ఆడపడుచు, నీ గున్నమ్మ పిన్ని. నానైతే బ్లాక్ చేసీడమే తెలుసు" అన్నారు.

నీలిమని నమ్ముతున్నావా అని ఎవరైనా అడిగితే నమ్ముతున్నాననే చెబుతాను. ఆమె తరపున ఇంకొకళ్ళ డబ్బుకి మాట ఇవ్వగలవా అంటే నోరు రావడం లేదు. ఈ రెండూ ఒకటే కావాలి కదా, ఎందుకు కాలేదు? పిన్ని ఎదురుగా కూర్చున్నప్పుడు నా నోటివెంట ఏం వస్తుందో, ఇది రాస్తున్న ఈ నిమిషానికి నాకు తెలియదు.

సుచిత్ర